వదిన వ్యానులో ఆయిల్ లైటు

తాళం తిప్పగానే ఆ నూనె డబ్బా బొమ్మ ఎర్రగా వెలుగుతోంది, కారు పాడైందా అమ్మమ్మా అని అడిగావు కదా. పాడవలేదు తల్లీ. తాళం తిప్పినప్పుడు అది వెలగాలి. వెలగకపోతేనే బల్బో వైరో పోయిందని అర్థం. ఇంజన్ అందుకున్నాక రెండు మూడు క్షణాల్లో ఆరిపోవాలి. ఆరకపోయినా, నడుస్తూ నడుస్తూ మధ్యలో వెలిగినా, బండి పక్కకు తీసి ఇంజన్ ఆపేసి మీ నాన్నకు ఫోన్ చెయ్యి. ఇంటికి వెళ్లాక చూద్దాంలే అనుకోకు.

ముప్పై ఏళ్లు దవాఖానలో సూదులు వేసిన మనిషికి బండ్ల సంగతి ఏం తెలుసని వెనక నుంచి నీ తమ్ముడు నవ్వడం వినపడింది. నవ్వనీ. నిజమే, నాకు బండ్ల గురించి ఏమీ తెలియదు. ఆ ఒక్క లైటు గురించే తెలుసు. అది తెలియడానికి నాకు దాదాపు రెండు నెలల నిద్ర ఖర్చయింది.

వదిన గుర్తుందా మీకు? మీ తాతయ్య అక్క. మీరు చిన్నప్పుడు చక్రాల అవ్వ అనేవాళ్లు. ఆవిడకు రెండు కిడ్నీలూ పనిచేయడం మానేశాక గోపన్‌పల్లిలో మా ఫ్లాట్‌కే తెచ్చుకున్నాం. మంగళ, గురు, శనివారాలు కొండాపూర్ వైపు ఒక సెంటర్లో డయాలిసిస్. ఆఫీసుల రద్దీ మొదలవకముందే వెళ్లాలని పొద్దున ఆరింటికే బయలుదేరేవాళ్లం. పదకొండు దాటాక తిరుగు ప్రయాణం. మొదట్లో క్యాబులు పిలిచాం. చక్రాల కుర్చీని చూడగానే కొందరు అటునుంచి అటే వెళ్లిపోయేవాళ్లు. ఆగినవాళ్లకు ఆవిణ్ని ఎలా ఎత్తాలో తెలిసేది కాదు. ఒకాయన పాపం సాయం చేద్దామనే ఎడమ చేయి పట్టుకుని లాగాడు. డయాలిసిస్ సూదులు గుచ్చే చెయ్యి అది. వారం రోజులు కమిలి నల్లగా ఉండిపోయింది. ఆ తర్వాతే తాతయ్య నార్సింగిలో ఒక బడివాళ్లు తీసేస్తున్న పాత డీజిల్ వ్యాను కొన్నారు. వెనక సీట్లు పీకించి, మడిచి దించే ఇనుప పలక ఒకటి పెట్టించి, వదిన కుర్చీలోంచి దిగకుండానే లోపలికి ఎక్కేట్టు చేయించారు. జీవితమంతా లెక్కల మాస్టారుగా పనిచేసిన మనిషి, డెబ్బై ఏళ్ల వయసులో వారానికి మూడు రోజులు డ్రైవరయ్యారు.

అందుకని ఆ వ్యాను మాకు ఉత్త బండి కాదు. అది ఆగితే డయాలిసిస్ సిట్టింగ్ ఆగినట్టే. ఒకటి తప్పితే కాళ్లు వాస్తాయి. రెండు తప్పితే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. అలా నీరు చేరినవాళ్లు పడుకోలేక మంచం పట్టె పట్టుకుని కూర్చుని ఊపిరి కోసం ఎలా పెనుగులాడతారో నేను వార్డులో చూశాను. వదిన చూడలేదు. తాతయ్య చూడలేదు. చూసింది నేనొక్కదాన్నే.

నేనెప్పుడూ వెనకే కూర్చునేదాన్ని, కుర్చీ కదలకుండా పట్టుకుని. వానలు తగ్గిన రోజుల్లో నా మోకాలు వాచి మడత పడక, ఒక గురువారం తిరుగు ప్రయాణంలో ముందు సీట్లో కూర్చున్నాను. గచ్చిబౌలి జంక్షన్లో సిగ్నల్ పడింది. బండి ఆగి ఇంజన్ నెమ్మదించగానే స్టీరింగ్ వెనకాల ఎర్రగా ఆ బొమ్మ మిణుకుమంది. తాతయ్య యాక్సిలరేటర్ కొంచెం తొక్కారు. ఆరిపోయింది. కాలు తీశారు. మళ్లీ వెలిగింది. మళ్లీ తొక్కారు.

"ఏమిటండీ అది?" అన్నాను.

"ఏం లేదు. ఎండకు జర వేడెక్కింది, గంతే."

వెనక నుంచి వదిన, "ఏందిరా తమ్మీ, ఊకె దాన్ని గిచ్చుతున్నవ్?" అంది.

అప్పుడు తట్టింది నాకు. ఆ గుర్రు గుర్రు చప్పుడు నేను వెనక కూర్చుని ఇంతకుముందే విన్నాను. సిగ్నల్ దగ్గర ఓపిక లేక తొక్కుతున్నారు, ఈ వయసులో ఈయనకి తొందరేమిటో అనుకున్నాను.

ఇంటికి రాగానే, సెల్లార్లో ఇంజన్ చల్లారేదాకా నిలబడి, ఆయిల్ కొలిచే కడ్డీ తీయించాను. గుడ్డతో తుడిచి ముంచి చూస్తే నూనె రెండు గీతల మధ్య నిండుగానే ఉంది. తాతయ్య ముఖం వెలిగింది. నాకు మాత్రం భయం పెరిగింది. ఆ లైటు నూనె ఎంత ఉందో చెప్పేది కాదట, ఎంత ఒత్తిడితో పారుతోందో చెప్పేదట. అది ఆయన చెబితేనే తెలిసింది నాకు. ఒంట్లో రక్తం ఉండి కూడా బీపీ పడిపోయే రోగిని నేను చూడలేదా? వాళ్లే ఎక్కువ కంగారు పెట్టేది. రక్తం పోతే ఎక్కించవచ్చు. ఉండి కూడా పడిపోతోందంటే ఎక్కడో ఏదో తెగిపోతోంది, లేదా గుండె అలిసిపోయింది.

తెల్లాపూర్ రోడ్డులో ఒక మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాం. అతను బానెట్ కూడా సరిగా ఎత్తలేదు. ఇంజన్ నెమ్మది మీద ఉంచి, చెవిపెట్టి విని, బోరుకొచ్చింది మేడం, ఇంజన్ దించాలె అన్నాడు. ఎన్నాళ్లు పడుతుందంటే పదిహేను రోజులన్నాడు. నేను మనసులో వేళ్లు మడుచుకున్నాను. ఆరు సిట్టింగులు. ఇంజన్ పాతదైతే లోపల అరిగి ఖాళీలు పెరుగుతాయనీ, వేడెక్కి పలచబడిన నూనె ఆ ఖాళీల్లోంచి జారిపోయి ఒత్తిడి నిలవదనీ అతను చెప్పిన మాట నిజమే కావచ్చు. కానీ ఇంకేమీ చూడకుండా చెప్పాడు. చెయ్యి పట్టుకోకుండానే ఆపరేషన్ అనే డాక్టర్లను చూసినదాన్ని కదా, నమ్మకం కుదరలేదు. నమ్మకపోవడానికి ధైర్యమూ చాలలేదు.

ఆయిల్ అమ్మే షాపాయన ఇంకో దారి చెప్పాడు. ఇంకొంచెం చిక్కటి రకం నూనె పోయండి, పాత బండ్లకు అందరూ అదే పోస్తారని. పోయించాం. లైటు మాయమైంది. రెండు వారాలు ఏ సిగ్నల్ దగ్గరా వెలగలేదు. తాతయ్య ప్రతిసారీ నావైపు ఓరగా చూసి మీసాల్లో నవ్వుకునేవారు. నేను నవ్వలేకపోయాను. బీపీ పడిపోయినవాళ్లకు సెలైన్ ఎక్కిస్తే అంకె పెరుగుతుంది. అంకె పెరిగింది కదా అని రక్తం ఎక్కణ్ణుంచి పోతోందో వెతకడం మానేస్తామా? పైగా పొద్దున చలికి ఆ చిక్కటి నూనెతో ఇంజన్ అందుకోవడానికి మూలిగేది. ఒక్కోరోజు మూడు నాలుగు సార్లు తిప్పాల్సి వచ్చేది. ఆ మూలుగు వినపడినంతసేపూ నేను వెనక తలుపు దగ్గర నిలబడి వదిన భుజం మీద చెయ్యి వేసి ఉంచేదాన్ని.

మూడో వారం లైటు మళ్లీ వచ్చింది.

మోకాలు తగ్గినా నేనిక వెనక్కి వెళ్లలేదు. కుర్చీని పట్టీలతో కట్టించి ముందు సీట్లోనే కూర్చున్నాను. దారంతా లెక్కలే. ఇక్కడ ఆగిపోతే ఆటోవాళ్లను పిలవచ్చు. ఇక్కడ ఆగితే సెక్యూరిటీ వాళ్లున్నారు, నలుగురు సాయం పడతారు. ఫ్లైఓవర్ మీద ఆగితే? అది ఎక్కినప్పుడల్లా కళ్లు తెరుచుకునే ప్రార్థన చేసుకునేదాన్ని, ప్రభువా, దిగేదాకా, ఈ ఒక్కటి దిగేదాకా అని. ఇంజన్ చప్పుడు కొంచెం మారినట్టనిపించినా అటు చెవి ఒగ్గి వినేదాన్ని. ఒకరోజు వదిన వెనక నుంచి అంది:

"మరదలా, నువ్వు నా నాడి చూస్తున్నవా, బండి నాడి చూస్తున్నవా?"

"రెండూ వదినా."

"అయితే దానికే సూదియ్యి. నాకు ఇయ్యాలటిది అయిపోయింది."

ఒక శనివారం తిరిగి వస్తుంటే ఎండ మాడుతోంది. సిగ్నల్ దగ్గర లైటు వెలిగింది. తాతయ్య తొక్కినా వెంటనే ఆరలేదు. ఇంకా తొక్కాక ఆరింది. ఆయన ఇంజన్ కట్టేశారు. ఆకుపచ్చ పడ్డాక వెనక బండ్లన్నీ ఒకటే హారన్లు. ఆయన తాళం పట్టుకున్న చేతి మీద చెమట మెరుస్తోంది. తిప్పారు. అందుకుంది.

డయాలిసిస్ సెంటర్లో టెక్నీషియన్ అమ్మాయి, వాళ్ల నాన్న ట్రాలీ ఆటో బాగుచేసే ఉస్తాద్ ఒకాయన లింగంపల్లిలో ఉన్నాడని అంతకుముందే చెప్పి ఉంది. వదినను ఇంట్లో దింపి, పక్క ఫ్లాట్ ఆవిణ్ని కూర్చోబెట్టి, ఆ మధ్యాహ్నమే వెళ్లాం. రేకుల షెడ్డు. నా వయసు మనిషి. మేం చెప్పిందంతా విని, లైటు వైపు చూడనైనా చూడలేదు. ఇంజన్ పక్కన బిగించి ఉన్న చిన్న స్విచ్చు ఒకటి విప్పి, ఆ కంతలో ఒక పైపు బిగించాడు. పైపు చివర గుండ్రటి మీటరు, లోపల ముల్లు.

"అమ్మా, లైటుకు ఉన్నదా లేదా గంతే తెలుసు. స్విచ్చు ఖరాబైతే అబద్ధం కూడా చెప్తది. ఎంతున్నదో ముల్లు చెప్తది."

ఆ మాటతో ఆయన మీద నాకు గురి కుదిరింది. అంకె భయపెడితే ముందు బీపీ మిషన్ మార్చి చూడు, తర్వాత డాక్టర్ను పిలువు అని మా పెద్ద సిస్టర్ నాకు పద్దెనిమిదేళ్లప్పుడు నేర్పిన మొదటి పాఠం. స్విచ్చే పాడై ఉంటుంది, ఇన్నాళ్లూ అదే అబద్ధం చెప్పి ఉంటుంది అని నాకు ఎంత ఆశ పుట్టిందో చెప్పలేను.

ఇంజన్ స్టార్ట్ చేస్తే ముల్లు నిటారుగా నిలబడింది. తాతయ్య చప్పట్లు కొట్టబోయారు. ఉస్తాద్ ఆపాడు. "చల్లగున్నప్పుడు అన్ని ఇంజన్లూ జవాన్లే సార్. వేడెక్కనియ్యుండ్రి." స్టూలు వేసి నన్ను కూర్చోమన్నాడు. అరగంట పైనే కూర్చున్నాను. ముల్లు దిగడం కంటికి కనపడదు. ఓసారి చూపు తిప్పి మళ్లీ చూస్తే కొంచెం కిందకు ఉంటుంది. ఐసీయూలో మానిటర్ ముందు కూర్చున్న రాత్రులు గుర్తొచ్చాయి. చివరికి ముల్లు అడుగుకు దగ్గరగా వచ్చి వణుకుతూ నిలబడింది. యాక్సిలరేటర్ తొక్కితే లేచింది, వదిలితే పడింది. లైటు అబద్ధం చెప్పలేదు.

ఉస్తాద్ మూడు వేళ్లు చూపించాడు. పంపు అరిగుండొచ్చు. క్రాంకు బేరింగులు అరిగుండొచ్చు. లేదా ప్రెషర్ వాల్వు సరిగా మూసుకోకపోవచ్చు. "పైనుంచి ఇంజన్ కొయ్యను. కిందికెల్లి ఛాంబర్ ఇప్పి చూస్తా. బేరింగ్ పోయుంటే మాత్రం మీ తక్దీర్, మీ తలరాత." ఛాంబర్ అంటే ఇంజన్ అడుగున నూనె నిలిచే తొట్టి. మంగళవారం పొద్దున ఆరింటికి బండి వాకిట్లో ఉండాలి, మా అక్క సంగతి ఇదీ అని తాతయ్య చెప్పారు. ఉస్తాద్ తల ఊపాడే గానీ మాట ఇవ్వలేదు.

శనివారం నుంచి మంగళవారం దాకా, వారంలో రెండు సిట్టింగుల మధ్య అదే పెద్ద ఎడం. ఆ ఆదివారం మేం చర్చికి వెళ్లలేదు. పొద్దున లేవగానే వదిన కాళ్లు వేలితో నొక్కి చూశాను. గుంట పడింది, నెమ్మదిగా నిండింది. నీళ్లు రోజూ ఇచ్చే గ్లాసు కంటే తగ్గించి ఇచ్చాను. ఆవిడ గ్లాసు వైపు చూసి నావైపు చూసింది.

మేం షెడ్డుకు వెళ్లేసరికి ఛాంబర్ దించేశాడు. ఒక బేరింగు విప్పి అరచేతిలో పెట్టి చూపించాడు, నెలవంకలా ఉంది. అరిగిపోతే లోపలి రాగి రంగు బయటపడుతుందట. ఇందులో పడలేదు. ఇంజన్ బాగానే ఉంది అన్నాడు. నేను దాన్ని వెలుగులో పెట్టి ఇంకోసారి చూశాను. తర్వాత నూనె పీల్చుకునే గొట్టం కొసన వడపోతకు ఉండే జాలి చూపించాడు. దాని మీద నీలం రంగు ముక్కలు, తెగిన సేమ్యాలాగా. రబ్బరులాంటివి. ఆఖరున పంపులోంచి వాల్వు తీశాడు. స్ప్రింగు మీద కూర్చునే చిన్న బిరడా అది. ఒత్తిడి ఎక్కువైనప్పుడు తెరుచుకుని ఎక్కువైన నూనెను తొట్టిలోకి వదిలి మళ్లీ మూసుకోవాలి. దాని అంచున జాలి పక్కనుంచి దూరిన నీలం పలుకు ఒకటి ఇరుక్కుని ఉంది. కుక్కరు వెయిటు కింద మెతుకు పడితే ఆవిరి కారిపోతూనే ఉంటుంది చూడండి, అలాగ. ఇంజన్ జోరు మీద ఉంటే పంపు ఆ కారేదాన్ని మించి తోసేస్తుంది. నెమ్మది మీద తోయలేదు.

"ఎవరు పెట్టిండ్రు ఇంత పేస్టు?" అన్నాడు ఉస్తాద్.

"నేనే," అన్నారు తాతయ్య.

ఆయన పెట్టలేదు.

ఎండాకాలంలో వ్యాను కింద నూనె చుక్కలు పడేవి. మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో కొత్తగా టైల్స్ వేయించారు. ఆ మరకను ఎవరో ఫోటో తీసి, చుట్టూ ఎర్ర గీత గీసి అసోసియేషన్ గ్రూపులో పెట్టారు. కారే బండ్లు గేటు బయట పెట్టుకోవాలని కింద రాశారు. గేటు బయటంటే కుర్చీని ర్యాంపు దించి, కంకర మీదుగా తోసుకుపోవాలి. సిగ్గూ భయమూ రెండూ కలిసి, ఇంటికే ఒక మెకానిక్‌ను పిలిపించాం. అతను ఛాంబర్ దించి, అంచు తుడిచి, నూనె కారకుండా పట్టే, ఆరితే రబ్బరయ్యే నీలం పేస్టు సన్నని దారంలాగా గీసి, ఏదో బోల్టు తక్కువైందని తేవడానికి వెళ్లాడు. అంత సన్నగా పెడితే మళ్లీ కారదా అనిపించింది నాకు. గ్లవ్స్ వేసుకుని, ట్యూబు తీసుకుని, కాలిన గాయానికి మందు రాసినట్టు దానిమీద ఇంకో వరస దిట్టంగా రాశాను. తాతయ్య టార్చి పట్టుకున్నారు. అతను వచ్చి చూసుకోకుండా బిగించేశాడు. చుక్క కారలేదు. టైల్స్ శుభ్రంగా ఉన్నాయి. బిగించినప్పుడు పేస్టు బయటికి ఎంత పిండుకుంటుందో లోపలికీ అంతే పిండుకుంటుందని నాకేం తెలుసు?

"ఆయన కాదు, నేను పెట్టాను," అన్నాను ఉస్తాద్‌తో.

ఆయన ముఖం ఎత్తి మా ఇద్దర్నీ చూశాడు. "అమ్మా, ఇది పుండుకు పూసే మల్హమ్ కాదు," అన్నాడు మెల్లగా. ఆ తర్వాత తాతయ్య వైపు తిరిగి, "పెట్టినంక ఎన్ని రోజులకొచ్చింది సార్ లైటు?" అని అడిగాడు.

తాతయ్య జాలిని చేతిలో అటూ ఇటూ తిప్పారు. "యాది లేదు," అన్నారు.

నలభై ఏళ్ల కిందట ఏ పిల్లాడికి ఏ పరీక్షలో ఎన్ని మార్కులు వేశారో చెప్పగల మనిషి ఆయన.

సోమవారం సాయంత్రానికి అన్నీ కడిగి, కొత్త ప్యాకింగ్ పెట్టి, బండికి రాసి ఉన్న రకం నూనే పోసి, మళ్లీ ఆ మీటరు బిగించి అరగంట వేడెక్కించాడు. ముల్లు కొంచెం దిగి ఒకచోట ఆగింది. ఇంకా దిగుతుందేమోనని ఉస్తాద్ ఇక చాలన్నాక కూడా నేను స్టూలు మీంచి లేవలేదు.

మంగళవారం పొద్దున ఆరింటికి వదినను ఎక్కించాం. సంగతంతా చెబితే ఆవిడ, "నా లోపలి జాలి కూడ గట్లనే కడుగుమను మీ ఉస్తాద్‌ను," అంది. ఊపిరి కొంచెం బరువుగా ఉంది, అయినా టైముకు చేరాం. తిరిగి వచ్చేటప్పుడు మిట్టమధ్యాహ్నం, అదే జంక్షన్, అదే సిగ్నల్. బండి ఆగింది. బొమ్మ వెలగలేదు. నేను దాన్నే చూస్తున్నాను. వెలగకపోయినా తాతయ్య కాలు దానంతట అదే యాక్సిలరేటర్‌ను చిన్నగా తొక్కింది. వదిలింది. మళ్లీ తొక్కింది. ఆయన చూపు రోడ్డు మీదే ఉంది. కాలు చేస్తున్నది ఆయనకు తెలిసినట్టు లేదు.

మొన్న మొన్న మొదలైన పని కాలికి అలా అలవాటు కాదు పిల్లలూ.

ఆ రోజు అన్నం తిన్నాక ఆయన్ని అడిగాను, లైటు మొదట ఎప్పుడు వెలిగిందని. ఇప్పుడు మంచిగైంది గదా అన్నారు. వదినను అడిగాను, వెనక కూర్చుని ఎప్పటినుంచి వింటున్నావని. "వాణ్నే అడుగు, నన్నెందుకు ఇరికిస్తవ్," అంది. ఆ తర్వాత రెండేళ్లు బతికింది ఆవిడ. వ్యాను కారణంగా ఒక్క సిట్టింగ్ తప్పలేదు. పోయింది గుండెతో, దవాఖానలో, నేను పక్కన ఉండగానే. తమ్ముడి గుట్టు నాకు చెప్పకుండానే పోయింది.

ఏ రోగి వచ్చినా నర్సు అడిగే మొదటి మాట, ఎన్నాళ్ల నుంచి అని. నొప్పి ఎంత అన్నది తర్వాత. నా ఇంట్లో ఆ మాటకు జవాబు దొరకలేదు. ఈమధ్య కూడా అడిగాను. మీ తాతయ్య పేపరు మడిచి, టీ పెడతవా అన్నారు. నా చేతితో జరిగిన తప్పని ఆయనకు మొదటి రోజే తెలిసి ఉంటే, నేను నొచ్చుకుంటానని దాచి ఉంటే, అక్కను వెనక పెట్టుకుని ఆ లైటుతో ఫ్లైఓవర్లు ఎక్కి దిగి ఉంటే, నేను ఆయన్ని ఏమనాలో నాకిప్పటికీ తెలియదు. తెలియకనే ఉండి ఉంటే అది వేరే సంగతి.

మీరు అడిగితే మీ తాతయ్య చెబుతారేమో, నా తరఫున అడగండి. నేను రాసిన పేస్టు ఆరిన వారానికే వెలిగిందా అది, నెలకా? ఎన్ని రోజులు తొక్కారండీ మీరు, నాతో చెప్పకుండా?